సగానికి దించిన జెండా

ఆసుపత్రి గదిలోకి పూలు రానివ్వరు. మట్టి కుండీ అసలే రానివ్వరు. మట్టిలో బూజు ఉంటుంది. మనలాంటి వాళ్ళు పీల్చుకున్నా అది వచ్చిన దారినే పోతుంది గాని, ఎముకల్లోని మజ్జ మార్చడానికి ఒంట్లో ఉన్న రక్షణంతా తుడిచేసిన మనిషి పీలిస్తే ఊపిరితిత్తుల్లో కాపురం పెడుతుంది. నర్సు సోల్‌వై ఈ సంగతి వివరించి, ఇంటికి వెళ్ళాక కూడా చాలాకాలం మట్టి ముట్టుకోకూడదని చెప్పగానే రిగ్మోర్ మంచం మీద లేచి కూర్చుంది. లుకేమియా అని తెలిసిన రోజున కూడా ఆమె అంత కంగారు పడలేదు.

"మరి నా దుంపలు?" అంది.

రిగ్మోర్ నా భార్య ఎల్సెకి చెల్లెలు. ఆర్‌హుస్‌లో సిటీ బస్సు నడుపుతుంది. భర్తతో ఎప్పుడో విడిపోయింది, పిల్లలు లేరు. ఊరి చివర తోటల కాలనీలో ఆమె నేల ముక్క, మా ముక్క పక్కపక్కనే. ఒక్కొక్కదానిలో ఒక చెక్క గది, కొన్ని బంగాళాదుంపల సాళ్ళు, ఒకటో రెండో పళ్ళ చెట్లు, చుట్టూ మొక్కల కంచె. అక్కచెల్లెళ్ళిద్దరూ ఆ కంచె మీదుగా ముప్పయ్యేళ్ళు కబుర్లు చెప్పుకున్నారు. ఎల్సె పోయి మూడేళ్ళయింది. కంచెకి ఇటువైపు మాట్లాడేవాడిని ఇప్పుడు నేను. నేను సరిగా జవాబు చెప్పనని రిగ్మోర్‌కి ఎప్పుడూ ఫిర్యాదే.

కిందటి శరదృతువులో చివరి సాలు తవ్వుతుండగా ఆమె చేతుల మీద నల్లగా కమిలిన మచ్చలు చూశాను. పార తగిలిందంది. పార రెండు చేతులకీ, మెడకీ తగలదు కదా అన్నాను. వారం తిరక్కుండానే చిగుళ్ళ నుంచి రక్తం వచ్చింది. రక్తపరీక్ష చేయించుకున్న మధ్యాహ్నమే ఫోను చేసి, ఇంటికి కూడా వెళ్ళకుండా నేరుగా ఆసుపత్రికి రమ్మన్నారు. బస్సు డిపోలో అప్పగించి, యూనిఫారంలోనే వెళ్ళింది.

చలికాలమంతా మందులెక్కించారు. రోగం దాక్కుంది గాని పోలేదు. దాక్కున్నది మళ్ళీ బయటికి రాకుండా ఉండాలంటే మజ్జ మార్చాలన్నారు. తోబుట్టువులుంటే ముందు వాళ్ళ రక్తం చూస్తారు. ఎవరైనా ఉన్నారా అని డాక్టరు అడిగినప్పుడు రిగ్మోర్ నా వైపు చూసింది, నేను కిటికీ వైపు చూశాను. డాక్టరు మరి అడగలేదు. అందుకు ఆ డాక్టరమ్మకి ఇప్పటికీ మనసులో కృతజ్ఞతలు చెప్పుకుంటాను. చివరికి ఎవరో ముక్కూ మొహం తెలియని జర్మన్ కుర్రాడి రక్తం సరిపోయింది.

దుంపల సంగతి అడిగిన రోజునే రిగ్మోర్ డాక్టరుకి ఓ మాట చెప్పింది.

"సెయింట్ హాన్స్ రోజుకి నా తోటలో కూర్చుని నా దుంపలు తింటాను. రాసుకోండి."

సెయింట్ హాన్స్ అంటే జూన్ చివర్లో వచ్చే నెగడు పండుగ. రాత్రి పది దాటేదాకా వెలుతురుంటుంది. ఆ రోజుకి సొంత సాలులోంచి కొత్త దుంప తీయలేనివాడిని మా కాలనీలో ఎవరూ మనిషిగా లెక్కపెట్టరు. డాక్టరు రాసుకోలేదు. "చూద్దాం" అంది. ఆ ఒక్క మాటని కోటు జేబులో వేసుకుని ఇంటికి వచ్చాను. నాలుగు నెలలు అది ఆ జేబులోనే ఉంది.

ఫిబ్రవరిలో, కిటికీ బయట మంచు రాలుతుండగా, ఆ కుర్రాడి మూలకణాలు వచ్చాయి. నేను పెద్ద యంత్రాలేవో ఊహించుకున్నాను. వచ్చింది ఒక చిన్న సంచి. లోపల బీట్‌రూట్ పులుసు రంగులో కొద్దిగా ఏదో ఉంది. అది చుక్కచుక్కగా ఆమె ఒంట్లోకి దిగి, నేను తెచ్చుకున్న కాఫీ చల్లారేలోపే అయిపోయింది. సోల్‌వై ట్రాలీ మీద బల్ల మీద పెట్టుకునే చిన్న జాతీయ జెండా ఒకటి పెట్టింది. మాకు పుట్టినరోజున జెండా లేకపోతే కేకు గొంతు దిగదు. ఇవాళ నీ రెండో పుట్టినరోజు అని చెప్పి, కేకు లేనందుకు క్షమాపణ కూడా అడిగింది.

"ఇరవై నాలుగేళ్ళ పిల్లాడంట" అంది రిగ్మోర్ సంచి వైపు చూస్తూ. "ఇక నేను బీరు తాగి ఫుట్‌బాల్ గురించి అరిస్తే నన్నేమీ అనకు బావా. రక్తం అలాంటిది."

తరువాతి రోజుల్లో ఆమె ఏమీ అనలేకపోయింది. నోటినిండా పుళ్ళు. మింగలేదు, మాట్లాడలేదు. బస్సులో మైకు అక్కర్లేని గొంతని డిపోలో పేరు పడ్డ మనిషి, సైగలతో నీళ్ళడిగేది. నేను చేతులు కడుక్కుని, మాస్కు వేసుకుని, పక్కన కుర్చీలో కూర్చునేవాడిని. చేయడానికి వేరే ఏమీ ఉండేది కాదు. అలాంటప్పుడు మనిషి చిన్నచిన్నవి చూడడం నేర్చుకుంటాడు. సోల్‌వై ఆమెని తాకేముందు చేతులు వేడినీళ్ళ కింద పెట్టుకునేది. తుడిచే అమ్మాయి మంచం కాలికి బకెట్ తగలకుండా రెండు చేతులతో ఎత్తి దాటించేది. అన్నిటికన్నా, కింద రోడ్డు మీద పోయే సిటీ బస్సులు. ఎవరు మొదలుపెట్టారో తెలియదు గాని, ఆసుపత్రి ముందు మలుపు తిరిగేటప్పుడు డ్రైవర్లు లైట్లు రెండుసార్లు వెలిగించి ఆర్పేవాళ్ళు. చీకటి పడ్డాక ఆ వెలుగు గది కప్పు మీద పాకేది. రిగ్మోర్ కళ్ళు మూసుకునే వేలు పైకెత్తి ఎవరి బస్సో చెప్పాలని చూసేది. బ్రేకు శబ్దాన్ని బట్టి తెలుస్తుందట.

ఒక ఉదయం నేను వెళ్ళేసరికి సోల్‌వై గదిలోనే ఉంది. తలుపు అద్దంలోంచి నన్ను చూసి, నేను లోపలికి వచ్చేదాకా ఆగలేక, చూపుడువేలు పైకెత్తి చూపించింది. తెల్లకణాలు కనిపించాయి. కుర్రాడు పనిలోకి దిగాడు.

మార్చి చివర్లో ఆమెని మా ఫ్లాటుకి తీసుకొచ్చాను. ఎల్సె కుట్టుగది ఖాళీ చేసి మంచం వేశాను. కుండీల్లో మొక్కలన్నీ మెట్ల మీదకి చేర్చాను. కింది అంతస్తు వాళ్ళు ఒక్క మాట అడక్కుండా వాటికి నీళ్ళు పోశారు. ఏప్రిల్‌లో ఆమె సాళ్ళలో విత్తనం దుంపలు నేనే పెట్టాను. ఫోను నిలబెట్టి ఉంచితే, ఆమె ఇంట్లోంచి చూస్తూ తిట్టింది.

"ఆ సాలు వంకర చూడు. బస్సు అలా నడిపితే లైసెన్సు పీకేస్తారు."

అప్పుడే ఇంకో మాట చెప్పింది. కాలనీలో తన గురించి ఊరేగింపుగా వార్తలు చెప్పొద్దంది. ఇవాళ కణాలెన్ని, రేపు జ్వరమెంత అని కంచెల మీదుగా చెప్పుకోవడం తనకి ఇష్టం లేదు. బతికితే తనే వచ్చి చెబుతుందట. నాకూ అదే తేలిక. ఎవరైనా "ఎలా ఉంది?" అంటే "నడుస్తోంది" అనేవాడిని. వాళ్ళు తల ఊపేవాళ్ళు. రెండో ప్రశ్న ఎవరూ వేయరు. మా వాళ్ళ మర్యాద అది. అవతలివాడి దుఃఖం గుమ్మం ముందు చెప్పులు విప్పి, లోపలికి మాత్రం రారు.

మే నెలలో, అంతా బాగుందనుకున్నప్పుడు, కొత్త రక్తానికి ఆమె ఒళ్ళు పరాయిదనిపించింది. ఒళ్ళంతా ఎర్రగా పొక్కింది, కడుపులో ఏదీ నిలవలేదు. మళ్ళీ అదే ఆసుపత్రి. డాక్టరు మొహంలో నవ్వు లేదు. రిగ్మోర్ మాత్రం నన్ను చూడగానే ఒకటే అడిగింది, దుంపలు పూతకొచ్చాయా అని. వచ్చాయన్నాను. నిజానికి నేను పది రోజులుగా తోట మొహం చూడలేదు. ఆ సాయంత్రం సైకిలేసుకుని వెళ్ళి చూశాను. వచ్చాయి. తెల్లటి పూలు. గట్టు మీద కూర్చుండిపోయాను. ఎదురు తోట యుట్టె కంచె పక్కన నిలబడి, ఎలా ఉందని అడిగింది. మళ్ళీ ఆసుపత్రిలో ఉందన్నాను.  ఆమె తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మాత్రలు పనిచేశాయి. జూన్ రెండో వారానికి పొక్కులు మానాయి, ఆమె మా ఫ్లాటుకి తిరిగొచ్చి మెతుకు మెతుకుగా తినసాగింది. మూడో వారంలో నేను ధైర్యం చేసి డాక్టరుని అడిగాను. ఆరుబయట, నీడలో, మాస్కుతో, ఒక్క మధ్యాహ్నం కూర్చోవచ్చంది. మట్టి ముట్టుకోకూడదు, నెగడు పొగ పీల్చకూడదు, జనంలోకి పోకూడదు. చెక్క గదిలో బూజు పట్టినదేదీ ఉండకూడదు. "ఇప్పుడు రాసుకుంటారా?" అంది రిగ్మోర్. డాక్టరు నిజంగానే కాగితం తీసి రాసుకుంది.

పండుగ ముందురోజు నేను ఆ చెక్క గది ఖాళీ చేయడానికి వెళ్ళాను. చలికాలమంతా మూసి ఉన్న గది. పరుపు తడిసి మరకలు పట్టింది. కర్టెన్లు, గోడకి వేలాడే ఎండుపూల గుత్తులు, విత్తనాల డబ్బాలు, తోటలో వేసుకునే బూట్లు, అన్నీ ఒక్కొక్కటే బయటికి మోసి తోపుడు బండిలో వేశాను. చెక్క మంచం విప్పి నెగడు కుప్ప మీద పడేశాను. మంచం వెనకాల, గోడకీ చెక్కకీ మధ్య, ఒక గడ్డి టోపీ దొరికింది. ఎల్సెది. ఆఖరి వేసవిలో ఇక్కడ మరిచిపోయి, ఇల్లంతా వెతికింది. టోపీ సగం బూజు పట్టి ఉంది. దాన్ని ఉంచడానికి లేదు. చేతిలో పట్టుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడ నిలబడి ఏడ్చాను.

యుట్టె చూసింది. ఖాళీ గది చూసింది, బండిలో పరుపు చూసింది, టోపీ పట్టుకున్న నన్ను చూసింది. కాసేపటికి వచ్చి, ఒక పళ్ళెంలో స్ట్రాబెర్రీ కేకు ముక్కలు గట్టు మీద పెట్టి, నా మోచేతిని ఒక్కసారి నొక్కి వెళ్ళిపోయింది. ఏమీ అడగలేదు. ఎంత మంచి మనిషి అనుకున్నాను. ఆ కేకు తిని, గోడలు మందునీళ్ళతో కడిగి, కొత్త కుర్చీ నీడలో వేసి ఇంటికి వెళ్ళాను.

మర్నాడు ఉదయం, మట్టి లేచేది ఆమె రాకముందే అయిపోవాలని, దుంపలు తవ్వడానికి తొందరగా వెళ్ళాను. కాలనీ నడిమధ్య పచ్చికలో మా ఉమ్మడి జెండా కొయ్య ఉంది. పండుగనాడు జెండా కొసన ఎగరాలి. ఆ ఉదయం అది సగంలో ఉంది.

ఎవరో పోయారు.

కొయ్య పక్కనే ఫ్లెమింగ్ నిలబడి ఉన్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, మా కాలనీ అధ్యక్షుడు. కంచెల ఎత్తు కొలిచే కర్ర ఒకటి ఎప్పుడూ చంకలో ఉంటుంది. రిగ్మోర్ కంచె ఉండాల్సిన దానికంటే ఎత్తని ఏళ్ళ తరబడి ఆమెతో అతనికి గొడవ. ఆ రోజు అతని చంకలో కర్ర లేదు. నల్ల టై కట్టుకున్నాడు. తొమ్మిదో తోటలో ఉండే హోల్గర్ అయి ఉంటాడనుకున్నాను. తొంభై రెండేళ్ళ పెద్దాయన. నాలుగు రోజులుగా కనిపించలేదు కూడా. నేను టోపీ తీసి జెండా వైపు తల వంచాను. ఫ్లెమింగ్ నా చేయి రెండు చేతులతో పట్టుకున్నాడు. రైల్వే మనిషి కళ్ళల్లో నీళ్ళు నేనెప్పుడూ చూడలేదు.

"మూడింటికి కాలనీ హాల్లో కాఫీ పెట్టాం ఆస్గర్" అన్నాడు. "రాగలిగితే రా. రాలేకపోయినా ఎవరూ ఏమనుకోరు."

పోయినవాళ్ళ పేరున కాఫీ అంత్యక్రియలయ్యాక ఇస్తారు, ముందే ఏమిటా అనుకున్నాను గాని, అడగలేదు. వస్తానన్నాను. మంచి మనిషి అన్నాను. చాలా మంచి మనిషి అన్నాడు. నేను తవ్వుకోల తీసుకుని తోటకి నడిచాను.

నేను దుంపలు తవ్వుతున్నంతసేపూ దారినపోయేవాళ్ళు కంచె దగ్గర ఆగి, టోపీలు తీసి, కదిలారు. ఒకామె నా తవ్వుకోల వంక చూసి ముక్కు తుడుచుకుంది. హోల్గర్ అంటే అందరికీ ఇంత ప్రాణమా అని ఆశ్చర్యపోయాను. దుంపలు కోడిగుడ్డంత పరిమాణంలో, తోలు వేలితో రాస్తే ఊడిపోయేంత లేతగా వచ్చాయి. మూడుసార్లు కడిగి, గిన్నెలో పెట్టి, ఇంటికి వెళ్ళి స్నానం చేసి బట్టలు మార్చుకుని రిగ్మోర్‌ని కారెక్కించాను.

దారిలో ఆమె ఎంత సంతోషంగా ఉందంటే, చావు వార్త చెప్పబుద్ధి కాలేదు. ప్రతి బస్సునీ పేరుపెట్టి పలకరించింది. గేటు దగ్గర దిగి, మాస్కు సర్దుకుని, టోపీ పెట్టుకుని, నా మోచేయి పట్టుకుని రెండడుగులు వేసి ఆగింది.

"ఎవరు పోయారు?"

"హోల్గర్ అనుకుంటాను."

"అనుకుంటావా? అడగలేదా?"

"ఎలా అడుగుతాం రిగ్మోర్?"

"నోటితో, బావా. మిగతా జనమంతా నోటితోనే అడుగుతారు."

అంతలో తొమ్మిదో తోట గేటు తెరుచుకుంది. నల్లకోటు వేసుకుని, నడక బండి తోసుకుంటూ హోల్గర్ బయటికి వచ్చాడు. మమ్మల్ని చూసి ఆగాడు. ఆ వయసు మనిషి దేనికీ పెద్దగా ఆశ్చర్యపోడు. రిగ్మోర్‌ని పై నుంచి కిందికి ఓసారి చూశాడు.

"నువ్వు పోయావు కదా" అన్నాడు.

"ఎవరు చెప్పారు పెద్దాయనా?"

"ఎవరూ చెప్పలేదు. జెండా చూశాను. యుట్టె పొద్దుటినుంచీ కేకులు కాలుస్తోంది." గడియారం చూసుకున్నాడు. "నీ కాఫీకే వెళ్తున్నా. ఆలస్యమైంది. నువ్వూ వస్తున్నావా?"

రిగ్మోర్ తల వంచుకుంది. ఆమె భుజాలు కదలడం చూసి ఏడుస్తోందనుకున్నాను. కంచె పట్టుకోబోయి, మొక్కలు తాకకూడదని గుర్తొచ్చి, నా భుజం పట్టుకుంది. నవ్వుతోంది. మాస్కు లోపలికీ బయటికీ కొట్టుకుంటోంది. శరదృతువు నుంచి నేను ఆ నవ్వు వినలేదు. ఆగదేమోనని నాకు భయం వేసింది. ఆమె కళ్ళు తుడుచుకుని, సొంత కాఫీకి ఆలస్యంగా పోవడం బాగుండదు, పదండి అంది.

జనం ఉన్న హాల్లోకి ఆమె పోకూడదు. అందుకని ముగ్గురం బయట, తెరిచి ఉన్న కిటికీ పక్కన నిలబడ్డాం. లోపల బల్లల మీద తెల్లగుడ్డలు, కేకులు, కాఫీ కూజాలు. గోడ దగ్గర ఆమె ఫోటో, ఏదో ఏడాది పెద్ద గుమ్మడికాయ ఎత్తుకుని నవ్వుతున్నది. దాని పక్కన తోట పూలతో చుట్టిన చక్రం. ఫ్లెమింగ్ నిలబడి కాగితం చదువుతున్నాడు. ఆమె గొంతు గురించి చెప్పాడు. వానలో కాలనీ ముసలివాళ్ళకోసం స్టాపు లేనిచోట బస్సు ఆపేదని చెప్పాడు. తరువాత కాగితం తిప్పాడు.

"ఆమె కంచె మా అందరి కంచెలకన్నా ఎత్తు" అని చదివాడు. "దాన్ని కత్తిరించమని నేను చాలాసార్లు వెంటపడ్డాను. ఇవాళ ఆ కంచె చూస్తే, అది మన కాలనీకి అందమనిపించింది. తప్పు నాదే."

రిగ్మోర్ కిటికీ దగ్గరికి ఒక అడుగు వేసింది.

"ఆ చివరి ముక్క మళ్ళీ చదువు ఫ్లెమింగ్" అంది. "సాక్షులు బాగా వినాలి."

లోపల ఒక్క చెంచా కదలలేదు. యుట్టె వంచిన కూజాలోంచి కాఫీ కప్పు నిండి, సాసరు నిండి, తెల్లగుడ్డ మీదకి పారుతోంది, ఎవరూ ఆపలేదు. ఫ్లెమింగ్ కిటికీ వైపు చూశాడు. మొహం తెల్లబడి, ఎర్రబడింది. నియమం తప్పని మనిషి కదా. కళ్ళజోడు సర్దుకుని, ఆ వాక్యం మొదటినుంచి చివరిదాకా మళ్ళీ చదివాడు.

అప్పుడు అందరూ బయటికి వచ్చారు. దగ్గరికి రావొద్దని నేను చేతితో చూపితే, పచ్చికలో అర్ధచంద్రంలా నిలబడ్డారు, చేతుల్లో కప్పులతో. ఎవరూ కేకలు వేయలేదు. పరుపు చూశానని యుట్టె మెల్లగా అంది. టోపీ పట్టుకుని ఏడుస్తుంటే చూశానంది. టోపీ ఎల్సెదని చెప్పాను. ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నువ్వెందుకు చెప్పలేదని ఎవరో నన్నడిగారు. మీరెందుకు అడగలేదని రిగ్మోర్ వాళ్ళనడిగింది.  ఇబ్బంది పెట్టకూడదనుకున్నాం అని ఫ్లెమింగ్ గొణిగాడు.

"మంచి పని చేశారు" అంది రిగ్మోర్. "బతికుండగా నా గురించి ఇన్ని మంచి మాటలు ఎవరు చెప్పేవారు?"

ఫ్లెమింగ్ జెండా కొయ్య వైపు పరుగులాంటి నడకతో వెళ్ళాడు. సగానికి దించిన జెండాని ఊరికే కిందికి లాగేయకూడదు. ముందు కొసకి ఎక్కించాలి. అతను తాడు ముడి విప్పబోతుంటే రిగ్మోర్ ఆగమంది.

"నాకోసం దించావు. నేనే ఎక్కిస్తాను."

నా జేబులో కొత్త చేతితొడుగులు ఉన్నాయి. తొడుక్కుంది. తాడు పట్టుకుంది. మూడేళ్ళ కిందట ఎల్సెని సాగనంపి వచ్చిన మధ్యాహ్నం ఇదే తాడుని ఫ్లెమింగ్ లాగాడు. కొయ్య మీది చక్రం కిర్రుమన్న చప్పుడు అప్పట్నుంచీ నా చెవిలో ఉండిపోయింది. ఇప్పుడు మళ్ళీ కిర్రుమంది. జెండా ఒక మూర లేచింది. ఇంకో మూర. మణికట్లు పుల్లల్లా ఉన్నాయి. పెద్ద బస్సు స్టీరింగు తిప్పిన చేతులవి. మధ్యలో ఆగి, తాడు వదలకుండా, ఊపిరి తీసుకుంది. నా కాలు దానంతటదే ముందుకు పడింది.

"బావా, కదిలావంటే బస్సు కింద తోసేస్తా."

నిలబడ్డాను. అందరం నిలబడ్డాం. గాలి కూడా పడిపోయినట్టుంది, జెండా గుడ్డ కొయ్యకి అంటుకుని ఉంది. ఆమె మళ్ళీ లాగింది. చక్రం కిర్రుమంది, మళ్ళీ కిర్రుమంది. జెండా కొసని తాకి ఆగింది. తాడు బిగించి ముడి తనే వేసింది. హోల్గర్ అలవాటుగా టోపీ తీశాడు. ఎందుకు తీశానా అని ఒక్క క్షణం చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. అప్పుడు యుట్టె నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు ఒకరినుంచి ఒకరికి పాకి, ఆఖరికి ఫ్లెమింగ్ దాకా వచ్చింది. పూలచక్రం ఏంచేయాలో ఎవరికీ తోచలేదు. రిగ్మోర్ దగ్గర పూలు ఉండకూడదు. చివరికి దాన్ని నా గేటుకి తగిలించారు. నాకెందుకని అడిగితే, నోరు విప్పనందుకు అన్నారు.

తరువాత ఆమె కొత్త కుర్చీలో, ఆపిలు చెట్టు నీడలో కూర్చుంది. దుంపలు ఉడికించాను. ఆమె పచ్చివేవీ తినకూడదు కాబట్టి పైన చల్లే ఉల్లికాడల్నీ నీళ్ళలోనే ఉడికించాను. వెన్న వేస్తే వెంటనే కరిగిపోయింది. ఉప్పు చల్లి పళ్ళెం చేతికిచ్చాను. మందులతో ఆమె నాలుక రుచి మరిచిపోయి చాలాకాలమైంది. ఏం తిన్నా అట్టముక్క తిన్నట్టుందనేది. మాస్కు దించి, ఒక దుంపని ఫోర్కుతో రెండు చేసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఉప్పు తెలుస్తోంది" అంది. ఇంకొంచెం నమిలింది. "వెన్న తెలుస్తోంది."

నేను గరిటె పట్టుకుని కూర్చున్నాను. ఆమె మొహం, దూరంనుంచి వచ్చే బస్సు నంబరు చదువుతున్న మనిషి మొహంలా ఉంది.

"వచ్చింది" అంది చివరికి. "ఇది నా సాలు దుంపే. వంకర సాలుది."

పళ్ళెం ఖాళీ చేసి, నావైపు చాచింది. మళ్ళీ వడ్డించాను.

నెగడు అంటించేలోపే బయల్దేరాలి. అప్పటికి ఆమె బాగా అలిసిపోయింది. కారు ఎక్కించి తిప్పుతుండగా, ఆమె తోట ముందు ఫ్లెమింగ్ కనిపించాడు. కొలకర్ర కంచె పక్కన నిలబెట్టి, తల వెనక్కి వంచి చూస్తున్నాడు. మమ్మల్ని చూడగానే కర్ర వీపు వెనక దాచుకున్నాడు. రిగ్మోర్ అద్దం దించింది.

"వచ్చే జూన్‌కి కత్తిరిస్తాను ఫ్లెమింగ్" అంది. "నా చేతులతో నేనే. అప్పటిదాకా దాన్ని ముట్టుకోకు."

ఫ్లెమింగ్ కర్ర బయటికి తీసి, నిటారుగా నిలబడి, సరేనని తల ఊపాడు. గేటు దాటాక అద్దంలో జెండా కనిపించింది. గాలి మళ్ళీ లేచినట్టుంది, కొసన బాగా ఎగురుతోంది. రిగ్మోర్‌కి చూపిద్దామని పక్కకి తిరిగాను. అప్పటికే నిద్రపోయింది, ఒడిలో మిగిలిన దుంపల గిన్నె రెండు చేతులతో పట్టుకుని.